పొగడ్తల అద్దం

అచ్యుత్‌కి ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. కూర్చుంటే కాలు ఊగుతుంది. కాలు ఆపమంటే వేళ్ళు టేబుల్ మీద తబలా వాయిస్తాయి. వేళ్ళు కూడా ఆపమంటే బుర్రలో ఏదో ఒకటి మొదలవుతుంది. ఇంటికి అసలు ప్రమాదం అప్పుడే.

అలా మొదలైనవన్నీ బెంగుళూరు మహదేవపురలో వాళ్ళ ఫ్లాటులోని చిన్న గదిలో చేరాయి. మొక్కలకి తనంతట తనే నీళ్ళు పోసే యంత్రం ఒకటి. అది మొక్కలని వదిలేసి కింద ఫ్లాటువాళ్ళ బట్టల మీద పోసింది. పావురాలని తరిమే రోబో ఇంకోటి. దాని నెత్తిన పావురమే గుడ్లు పెట్టింది, పిల్లలు ఎగిరిపోయేదాకా దాన్ని కదపనివ్వలేదు అతని భార్య పల్లవి. ఆ తర్వాత దోసె తిరగేసే ఇనప చెయ్యి. మొదటి దోసె ఇంకా సీలింగుకే ఉంది.

ఏదీ పూర్తి కాదు. ముప్పావు వంతు అయ్యేసరికి అతనికి ఇంకొకటి తడుతుంది. బెళ్ళందూరు ఆఫీసులో పక్క సీటు ఫయాజ్ అందుకే అతనికి 'ముప్పావు అచ్యుత్' అని పేరు పెట్టాడు. అదేదో ఇంటిపేరనుకుని సెక్యూరిటీ గార్డు కూడా పొద్దున్నే "గుడ్ మార్నింగ్ ముప్పావు సార్" అంటాడు.

అచ్యుత్‌ది ఒంగోలు. పల్లవిది పాత బెంగుళూరు తెలుగు కుటుంబం, తాతల కాలం నుంచీ చిక్కపేటలో బట్టల కొట్టు. ఆమె ఒక కంపెనీకి ఇంటి నుంచే లెక్కలు చూస్తుంది. ఇంటి నుంచే అంటే, డైనింగ్ టేబుల్ నుంచి. పక్కన కుక్కరు కూతపెడుతుంటే, "మీరు ఏ స్టేషన్లో ఉన్నారు, మీ రైలు ఎన్నింటికి?" అని ఒక క్లయింటు మర్యాదగా అడిగాడు.

ఆ రోజు సాయంత్రమే ఆమె నడుము మీద చెయ్యి వేసుకుని చిన్న గది గుమ్మంలో నిలబడింది.

"ఏమప్పా, ఈ రూము నాకు కావల్ల."

"ఎందుకు?"

"తలుపు వేసుకోని పని చేసుకునేకి. తలుపుండే రూము ఊరికే ఒకటి ఉండాది, దాన్నిండా నీ సామాను ఉండాది. రేపు పాత సామాను కొనే గుజిరీ బండోణ్ణి పిలిచి అంతా ఇచ్చేస్తా."

"సామాను కాదు పల్లవీ. ప్రోటోటైపులు."

"అట్లనే చెప్తాలే బండోడికి. మర్యాదగా ఎత్తుకుంటాడు."

అచ్యుత్ కాలు ఊగడం ఆగింది. వేళ్ళు ఆగాయి. బుర్రలో మొదలైంది.

"ఒక్క ఛాన్సివ్వు," అన్నాడు. "నీకొక స్మార్ట్ అద్దం చేసిస్తాను. చూడ్డానికి మామూలు అద్దమే. వేలు పెడితే టైము, ఎండావానా, పాటలు, వీడియో కాలు, అన్నీ అందులోనే. పూర్తిగా నీ కోసం. అది పని చేస్తే ఈ గది నాకొదిలెయ్యి."

"పూర్తిగానా? నువ్వా?"

"పూర్తిగా."

పల్లవి గోడ మీది క్యాలెండరు చూసింది. "సరే. వరలక్ష్మీ వ్రతం నాడు మా అమ్మావాళ్ళంతా వస్తారు. పూజ మొదలైనప్పటి నుంచి తాంబూలాలు అయ్యేదాకా నీ అద్దం ఆగకుండా పని చేసిందంటే రూము నీది. నడాన ఆగిందా, మర్నాడు పొద్దున్నే గుజిరీ బండి."

"ఆగదు," అన్నాడు అచ్యుత్. ఆ ఒక్క మాటా అతను నిలబెట్టుకున్నాడని ఇప్పుడే చెప్పేస్తే కథ మజా పోతుంది.

నిజానికి ఆ అద్దం వెనక అతనికి ఇంకో లోపాయికారీ ఆలోచన కూడా ఉంది. పల్లవి రోజూ తయారై, "ఎట్లుండా?" అని అడుగుతుంది. ఇతను ఫోన్లోంచి తలెత్తకుండా "సూపర్" అంటాడు. ఒకసారి పరీక్ష పెడదామని ఆమె తలకి ఆముదం పట్టించి, తువ్వాలు చుట్టుకుని వచ్చి అడిగింది. "ఈ చీర నీకు భలే నప్పింది," అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో వంకాయ కూర తప్ప ఇంకేం వండలేదు. అతనికి వంకాయ పడదు.

అందుకని అద్దం మీద కింద కుడివైపు ఒక పెద్ద బటన్ పెట్టాడు. దాని మీద 'ఎలా ఉన్నాను?' అని రాశాడు. వేలు పెట్టగానే అతని గొంతులోనే ఒక పొగడ్త వినిపిస్తుంది. ఆఫీసులో ఖాళీగా ఉన్న మీటింగ్ రూములో తలుపేసుకుని ఫోనుకి ముద్దుముద్దుగా పొగడ్తలు చెప్పుకుంటుంటే ఫయాజ్ పట్టుకున్నాడు.

"ఎవర్రా ఆ బంగారం?"

"పల్లవి."

"కాల్‌లో లేదుగా."

"రికార్డింగ్ రా. అద్దంలో పెడతాను. ఇక నేను తలెత్తక్కర్లేదు."

ఫయాజ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పెళ్ళాన్ని పొగడ్డం కూడా ఆటోమేట్ చేశావా? నువ్వు చాలా దూరం పోతావు భాయ్. అదీ ఎవరో తరిమితే."

పొగడ్తల్లో చీర రంగు చెప్పాల్సిన చోటల్లా అచ్యుత్ 'నీలం' అన్నాడు. అతనికి గట్టిగా తెలిసిన రంగు అదొక్కటే.

ఇక పని మొదలైంది. ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డులో తిరిగి తిరిగి ఒక పాత మానిటరు, ఒక బుల్లి కంప్యూటరు బోర్డు, కెమెరా, స్పీకరు, ముందు నుంచి చూస్తే అద్దంలా వెనక నుంచి చూస్తే మామూలు గాజులా కనిపించే పలక తెచ్చాడు. వాటన్నిటికంటే అతను మురిసిపోయింది టచ్ ఫ్రేమ్ చూసి. అద్దం చుట్టూ బిగించే ఆ చట్రం నుంచి కంటికి కనపడని వెలుగు గీతలు గాజు మీదుగా అటూ ఇటూ పోతుంటాయి. ఏ గీతకి ఏది అడ్డొచ్చినా, అక్కడ వేలు పెట్టారని అద్దం అనుకుంటుంది.

"ఏది అడ్డొచ్చినానా?" అని అడిగాడు ఫయాజ్.

"అద్దం మీద వేలు కాక ఇంకేం పెడతార్రా?" అన్నాడు అచ్యుత్.

పందెం 'ఆగకుండా' కాబట్టి అతను ఏ సందూ వదల్లేదు. వైరు కనబడితే ఎవరైనా పీకుతారని ప్లగ్గుని అద్దం వెనకే దాచి, అద్దాన్ని పడకగది గోడకి మరలతో బిగించేశాడు. పాత అద్దం మంచం కిందికి పోయింది. కరెంటు పోతే ఆగిపోతుందని వెనకాల బ్యాటరీ, నెట్టుకి విడిగా సిమ్ కార్డు పెట్టాడు. పొరపాటున ఎవరైనా ఆపుతారని ఆఫ్ బటన్ అసలు పెట్టనే లేదు. జీవితంలో మొదటిసారి ఒక పని నూటికి నూరు పాళ్ళూ పూర్తి చేశాడు.

వ్రతం శుక్రవారం వచ్చింది. అచ్యుత్ సెలవు పెట్టాడు. సాయంత్రం హాల్లో అమ్మవారిని కూర్చోబెట్టారు, రంగు బల్బుల దండలు వెలిగించారు. పల్లవి వాళ్ళమ్మ శాంతమ్మగారు ఆచారాల విషయంలో గట్టి మనిషి. పూజకి స్టిక్కర్లు పనికిరావు, కుంకుమే పెట్టుకోవాలని ఆవిడ పట్టింపు. వచ్చిన ప్రతి ఆవిడనీ గుమ్మంలోనే ఆపి, నుదురు చూసి, కుంకుమ భరిణె చేతికిచ్చి పడకగదిలోకి తోలుతోంది.

లోపలికి వెళ్ళిన వాళ్ళంతా కుంకుమ బొట్లతో, నోళ్ళు తెరుచుకుని బయటికొచ్చారు. "అద్దంలో గడియారం ఉండాదే పల్లవీ," అన్నారు. "వాన వస్తాదని కూడా చెప్పింది," అన్నారు. అచ్యుత్ హాల్లో కుర్చీ మీద కాలు ఊపుతూ ఆ మెప్పంతా మౌనంగా స్వీకరించాడు.

పల్లవి పీట మీద కూర్చుని వ్రతకథ చదవడం మొదలుపెట్టింది. కథ కాస్త సాగేసరికి హొసకోటె నుంచి పిన్నమ్మ జయమ్మగారు దిగింది. వెంట ఇద్దరు కోడళ్ళు, వెనకాల భర్త జయరామప్పగారు. దారంతా ట్రాఫిక్, ముఖాలన్నీ చెమటలు. శాంతమ్మగారు చెల్లెలికి భరిణె ఇచ్చి సైగ చేసింది. ఆడవాళ్ళు ముగ్గురూ గదిలోకి వెళ్ళారు. జయరామప్పగారు ఇటుకల బట్టీ నడిపిన మనిషి, మీసం కూడా బట్టీలో కాల్చినట్టే ఉంటుంది. ఆయన వచ్చి అచ్యుత్ పక్కన కూర్చున్నాడు.

కథలో అమ్మవారు కలలో కనిపించి పలికే చోటు వచ్చింది. పల్లవి ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది.

"అబ్బ, ఎంత ముద్దొస్తున్నావో బంగారం," అంది పడకగదిలోంచి అచ్యుత్ గొంతు.

హాలంతా అచ్యుత్ వైపు తిరిగింది. అతని నోరు మూసే ఉంది. జయరామప్పగారు వంగి మరీ ఆ నోటిని పరిశీలించాడు.

గదిలోంచి జయమ్మగారు తల బయటికి పెట్టింది. "ఏమే పల్లవీ, మీ ఆయన లోపల ఉండాడా?"

"ఈడనే ఉండాడు పిన్నమ్మా."

"మరి లోపల ఎవరుండారు?"

"ఈ నీలం చీర నీకోసమే నేసినట్టుంది," అంది గొంతు.

జయమ్మగారు తన ఎర్ర పట్టుచీర వైపు చూసుకుంది. "కండ్లు కూడా సరిగ్గా కనపడవు ఎవరో గానీ."

అచ్యుత్ గదిలోకి దూకాడు. "పిన్నిగారూ, మీరేమైనా ముట్టుకున్నారా?"

"అమ్మవారి మీద ఒట్టు నాయనా. వేలు కూడా పెట్టలేదు."

కోడళ్ళు కూడా తలలూపారు. ఎవరి వేలూ అద్దం మీద లేదు. అద్దం మాత్రం ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నట్టు పొగుడుతూనే ఉంది. పైగా నిమిష నిమిషానికీ గొంతు పెరుగుతోంది. అచ్యుత్ ఫోను తీసి, తను రాసిన ప్రోగ్రాములో తప్పెక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాడు.

"నీ చేతి వంట ముందు మీ అమ్మ వంట ఎందుకు పనికొస్తుంది," అంది అద్దం, వీధి చివరికి వినబడేలా.

శాంతమ్మగారు గుమ్మంలో ప్రత్యక్షమైంది. పొద్దుట్నుంచీ తొమ్మిది పిండివంటలు ఆవిడే చేసింది.

"ఏం నాయనా అచ్యుతూ. పోయిన పండక్కి నేను చేసిన పూర్ణాలు మూడుసార్లు పెట్టించుకుంటివే."

"అత్తయ్యా, అది నేను కాదు."

"గొంతు నీదే కదా."

"గొంతు నాదే. అనింది నేను కాదు."

"తాగినావా నాయనా?" అంది ఆవిడ దిగులుగా.

ఈలోగా జయమ్మగారు కుంకుమ సరిగ్గా ఉందో లేదో చూసుకుందామని అద్దంలోకి తొంగిచూసింది. అద్దంలో ఆవిడ ముఖం ఉండాల్సిన చోట నల్లటి గడ్డం ఉన్న ముఖం కనిపించింది. ఆవిడ మెల్లగా తన గడ్డం తడుముకుంది. అద్దం తనంతట తనే, అచ్యుత్ అందులో పెట్టిన ఒకే ఒక్క నంబరుకి, ఫయాజ్‌కి వీడియో కాల్ చేసేసింది.

"రేయ్ ముప్పావు, రివ్యూ మీటింగ్‌లో ఉన్నాన్రా," అన్నాడు ఫయాజ్ గొంతు తగ్గించి. అంతలో అతనికి పట్టుచీరలు కనిపించాయి. "నమస్తే అమ్మా. పూజ బాగా జరుగుతుందా?"

"నిన్ను చూస్తే నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు," అంది అద్దం అచ్యుత్ గొంతుతో.

అవతల ఆఫీసులో ఎవరో దగ్గారు. "ఒరేయ్," అన్నాడు ఫయాజ్, "మేనేజర్ పక్కనే ఉన్నారు. ఎవరికి నిద్ర పట్టట్లేదో క్లియర్‌గా చెప్పమంటున్నారు."

అచ్యుత్ అద్దం మీద పది వేళ్ళూ పెట్టాడు. అద్దం పట్టించుకోలేదు. ప్లగ్గు పీకుదామంటే గోడకీ అద్దానికీ మధ్య వేలు దూరదు, ఆ బిగింపు తన చేతిదే. చొక్కా చేతులు పైకి మడిచి హాల్లోకి పరిగెత్తి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

ఫ్లాటంతా చీకటి. అమ్మవారి ముందు దీపాలు, పడకగదిలో నీలంగా వెలిగే అద్దం, అంతే మిగిలాయి. బ్యాటరీ తన ధర్మం తను నిర్వర్తిస్తోంది.

"చీకట్లో కూడా మెరిసిపోతున్నావు," అంది అద్దం, శాంతమ్మగారితో.

అప్పుడు పల్లవి కథ పుస్తకం మూసి, చేతిలో దీపం పట్టుకుని గదిలోకి వచ్చింది. అద్దం ముందు నిలబడి పైనుంచి కిందికి చూసింది. భర్తని ఒకసారి చూసింది. తర్వాత చెయ్యి చాచి, 'ఎలా ఉన్నాను?' బటన్ మీద నుంచి ఒక పెద్ద ఎర్రరాళ్ళ బొట్టుబిళ్ళ గోటితో ఊడదీసింది.

పొగడ్త మాట మధ్యలో తెగింది.

సౌండు బటన్ మీద నుంచి ఇంకో బిళ్ళ తీసింది. స్పీకరు బుసబుస తగ్గింది. ఫోను గుర్తు మీద నుంచి మూడోది తీసింది. ఫయాజ్ "హమ్మయ్య" అంటూ మాయమయ్యాడు. ఆ మూడూ జయమ్మగారివీ కోడళ్ళవీ. పైమూలలో, బటన్లు లేని చోట, ముందొచ్చిన వాళ్ళవి వరసగా పండగ బిళ్ళలు తళతళలాడుతున్నాయి. ఆ మూలలో చోటు లేక ఆలస్యంగా వచ్చిన వాళ్ళు కిందకి అతికించారు. అద్దానికి రాళ్ళబొట్టుకీ వేలికీ తేడా తెలియలేదు.

"వేలు పెట్టలేదని చెప్పినా కదా," అంది జయమ్మగారు. "బొట్టు తీసి ఆడ పెట్టినా. మళ్ళ పెట్టుకోవద్దా? ఇంకెక్కడ పెడతారు?"

అచ్యుత్ అద్దాన్ని కాదు, మొదటిసారి ఆ బిళ్ళలని చూశాడు. "అద్దానికి బొట్లు అతికిస్తారా?"

గదిలో ఉన్న ఆడవాళ్ళంతా ఒకేసారి అతని వైపు చూశారు, ఈ మనిషి ఏ దేశం నుంచి వచ్చాడన్నట్టు.

"మన పాత అద్దం నిండా ఉండేటివి ఏమనుకుంటివి?" అంది పల్లవి.

"అద్దంతో పాటు వచ్చిన డిజైన్ అనుకున్నాను."

"పెండ్లైనప్పటి నుంచీ ఆ అద్దంలోనే గడ్డం గీసుకుంటాండావు కదప్పా."

"గడ్డమే చూసుకుంటాను కదా మరి."

"అట్లనే చూస్తావు నువ్వు ఏదైనా." పల్లవి మూడు బిళ్ళలూ పిన్నమ్మ అరచేతిలో పెట్టింది. "సరే, ఆ పొగిడేది ఏంది?"

అతను చెప్పాడు. అంతా చెప్పాడు. మీటింగ్ రూము, తలెత్తక్కర్లేకపోవడం, నీలం రంగు. చెబుతున్నంతసేపూ శాంతమ్మగారు మాత్రం పూర్ణాల దగ్గరే ఆగిపోయి ఉంది.

"అంటే," అంది పల్లవి, "నన్ను చూడకుండా పొగిడేకి ఇంత కష్టపడినావు."

"అలా అంటే బాగోదు."

"ఎట్ల అంటే బాగుంటాదో చెప్పు."

అచ్యుత్ దగ్గర దానికి రికార్డింగ్ లేదు. మెల్లగా వెళ్ళి మెయిన్ స్విచ్ వేశాడు. వెలుగుతో పాటు అతనికి ధైర్యం కూడా తిరిగొచ్చింది. కాలు ఊగడం మొదలైంది.

"ఏమైనా అను పల్లవీ. పందెం ఏంటి? ఆగకుండా పని చెయ్యాలి. ఆగిందా? నేను స్వయంగా ఆపుదామన్నా ఆగలేదు. ఇప్పటికీ నడుస్తూనే ఉంది, చూసుకో."

ఆమె ఏదో అనబోయింది. ఊళ్ళో తగువులు తీర్చే అలవాటున్న జయరామప్పగారు గొంతు సవరించుకున్నాడు.

"న్యాయంగా మాట్లాడితే అల్లుడు గెలిచినాడమ్మా. నా పెండ్లాన్ని బంగారం అన్నాడు, ఆ సంగతి వేరే చూసుకుంటాం. మిషను మాత్రం ఆగలేదు. కరెంటు పీకినా ఆగని మిషను నా బట్టీలో ఒక్కటి ఉండి ఉంటే ఈపాటికి నేను ఎక్కడో ఉండేవాణ్ణి."

పల్లవి దీపం వత్తి సర్దింది. ఆమెకి కోపం రాకపోవడం చూసి అతను ఇంకాస్త భయపడాల్సింది.

"మీ మాటే చిన్నాయనా. చిన్న రూము ఆయనదే, ఇంకెప్పుడూ అడగను. అద్దం మాత్రం నాది కదా?"

"నీదే," అన్నాడు అచ్యుత్ ఉదారంగా, చుట్టాలందరి ఎదుటా. "పూర్తిగా నీదే. నీ కోసమేగా చేసింది. ఎలా కావాలంటే అలా వాడుకో."

"అందరూ వింటిరి కదా," అంది పల్లవి. తాంబూలాలు పంచడానికి వెళ్ళిపోయింది.

శనివారం అచ్యుత్ చిన్న గదిలోకి వెళ్ళి తన యంత్రాలన్నిటినీ పలకరించాడు. ఆదివారం ఇంకో కొత్త ఆలోచన కూడా వచ్చింది. గెలుపు ఎంత తియ్యగా ఉందంటే, పల్లవి పాత అద్దాన్ని మంచం కింద నుంచి తీసి హాల్లో తగిలించడం, డైనింగ్ టేబుల్ మీద నుంచి తన సరంజామా అంతా ఎత్తుకుపోవడం అతను చూడనే లేదు.

సోమవారం పొద్దున స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి పడకగది తలుపు మూసి ఉంది. తెరిచాడు. అద్దం ముందు చిన్న టేబులు, కీబోర్డు. పల్లవి కొత్త చీర కట్టుకుని, ఫ్యాను కింద హాయిగా కూర్చుని ఉంది. అద్దంలో ఐదారుగురు దొరలు, ఆమె చెప్పే లెక్కలు శ్రద్ధగా వింటున్నారు. వాళ్ళలో ఒకాయన తువ్వాలు మనిషిని చూసి మర్యాదగా చెయ్యి ఊపాడు.

అచ్యుత్ తలుపు మూసేశాడు. కాసేపటికి ఆమె తలుపు సందులోంచి ముఖం బయట పెట్టింది.

"తలుపు తట్టి రావల్ల అప్పా. ఇది ఆఫీసు."

"ఇది మన బెడ్రూము."

"అద్దం గోడకి బిగించింది ఎవరు? దాన్ని ఎత్తుకోని నేను ఏ రూముకి పోయేది? ఎంత పెద్ద స్క్రీను, కెమెరా ఎంత క్లియరు. కరెంటు పోయినా కాల్ కట్ కాదు. మా లీడు మెచ్చుకున్నాడు, ఇట్లాంటి సెటప్పు ఎవరింట్లోనూ లేదంట."

"మరి నేను ఎక్కడ పడుకోవాలి?"

"నీ రూము నీకుండాది కదా. దిండు, దుప్పటి ఆ దోసె చెయ్యి పక్కన పెట్టినా. రాత్రి అమెరికావాళ్ళ కాల్స్ కూడా ఉండాయి, ఇంక లేటవుతాది నాకు."

అచ్యుత్ గొంతు తగ్గించాడు. "పల్లవీ, ఒక మాట. ఆ చిన్న గది నువ్వే తీసుకో. ఇవాళే మొత్తం ఖాళీ చేసిస్తా. గుజిరీ బండిని నేనే పిలుస్తా."

"ఛ, వద్దప్పా. పంచాయితీలో గెలుచుకున్నావు, నీది నీకే ఉండనీ. అయినా దాంట్లో కిటికీ కూడా లేదు, నాకు బేజారవుతాది."

లోపల నుంచి ఎవరో ఆమె పేరు పిలిచారు. ఆమె వెనక్కి తిరగబోయింది.

"నా షర్టు," అన్నాడు అచ్యుత్.

తలుపు సందులోంచి ఒక షర్టు వచ్చి అతని భుజం మీద పడింది. తలుపు మూసుకుంది. అతను దాన్ని తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, మళ్ళీ మెల్లగా తట్టాడు.

"ప్యాంటు?"

"లంచ్ బ్రేకులో," అంది లోపల నుంచి పల్లవి.